మూడు గడియారాల పేచీ

“మళ్ళీ ఆగింది మేడం,” అన్నాడు దీపాలాయన తలుపు తీస్తూనే. రండి, కూర్చోండి అనే మర్యాద కూడా మర్చిపోయాడు. ఇంట్లో మనిషికి జ్వరం తిరగబెట్టిన సంగతి డాక్టరుకి చెప్పుకున్నట్టు చెప్పాడు.

తడిసిన రెయిన్‌కోటు విప్పి గుమ్మం పక్కనున్న కొక్కేనికి తగిలించాను. నా వెనక తలుపు నేలకి రాసుకుంటూ, మూలుగుతూ మూసుకుంది. పొద్దుటినుంచీ ముసురు. పొద్దుటినుంచీ నాకు జలుబు కూడా. దానికోసం వేసుకున్న మాత్ర జలుబుని వదిలేసి నన్ను పట్టుకుంది. తల గాల్లో తేలుతోంది, చూసినవన్నీ మనసుకి కాస్త ఆలస్యంగా చేరుతున్నాయి. గదిలో రెండడుగులు వేసేసరికి కాళ్ళకింద నేల మెత్తగా పక్కకి జరిగినట్టు అనిపిస్తే, అదీ మాత్ర మహిమే అనుకుని బల్ల అంచు పట్టుకున్నాను.

మాత్ర వేసుకోనివాళ్ళకి కూడా ఆ గది కలలోకి వచ్చినట్టే ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటింది, అయినా ఎటు చూసినా దీపాలు వెలుగుతున్నాయి. పైకప్పు నుంచి పొడుగాటి తీగలకి వేలాడేవి, బల్లమీద నిలబడేవి, అరల్లో వరసగా కూర్చున్నవి, తేనె రంగువీ పాల రంగువీ. పాత దీపాలు కొని, బాగుచేసి, ఆన్‌లైన్ వేలంలో అమ్ముకోవడం ఆయన బతుకుతెరువు. పార్సిల్ కట్టే ముందు ప్రతి దీపాన్నీ ఒక పూటంతా వెలిగించి చూస్తాడట. వాన చీకట్లో ఆ వెలుగులన్నీ కలిసి గదినిండా పల్చటి పసుపు మంచు పరుచుకుంది. పై అంతస్తులో బట్టలు కుట్టే కార్ఖానా ఉంది, ఆ మిషన్ల మోత పైకప్పులోంచి జోలపాటలా దిగుతోంది. నాకు అక్కడే ఓ మూల ముడుచుకుని పడుకోవాలనిపించింది.

“వచ్చారా మేడంగారూ. మీకోసమే కాచుకు కూర్చున్నాను,” అంది ఆ పసుపు మంచులోంచి ఒక గొంతు.

నా నిద్ర మత్తు సగం దిగిపోయింది. ఆ గొంతు తాళాలయ్యది. వేలం కంపెనీ నిఘా విభాగంలో పెద్ద అధికారి. ఎవరిమీద అనుమానం వచ్చినా ముందు వాళ్ళ అకౌంటుకి తాళం వేసి ఆ తరవాత ఆలోచిస్తాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగలనని ఆయనకి గట్టి నమ్మకం. లెక్క తప్పిన రోజున పేగులదే తప్పంటాడు.

నా పని వేరు. సెకండ్‌హ్యాండ్ సామాను కొన్నవాళ్ళకీ అమ్మినవాళ్ళకీ మధ్య రిఫండ్ తగాదా వస్తే, కంపెనీ నాలాంటి బయటివాళ్ళని పిలిచి నిజం తేల్చమంటుంది. డిటెక్టివ్ అనగానే జనం హత్యలూ కత్తులూ ఊహించుకుంటారు. నా దగ్గరికి వచ్చేవి పలకని రేడియోలు, ఫోటోలో ఎర్రగా ఉండి ఇంటికొచ్చాక వంగపండు రంగుకి మారిన సోఫాలు. అయితేనేం, సోఫా గురించి ఆడినా శవం గురించి ఆడినా అబద్ధం మనిషి మొహంలో ఒక్క చోటే కనపడుతుంది. దాన్ని వెతకడమే నాకు తెలిసిన విద్య.

“సాయంత్రం అయిదింటికి ఈయన అకౌంటు మూసేస్తున్నాను,” అన్నాడు తాళాలయ్య, మడిచిన గొడుగుని గోడకి ఆనించి నిలబెడుతూ. “అంతవరకూ మీ విచారణ మీరు చేసుకోండి. నేను కాదనను.”

దీపాలాయన మొహం పాలిపోయింది. ఆయనకి ఆ సైటు తప్ప వేరే అంగడి లేదు. తాళం పడిందంటే పేరు పక్కన ‘మోసగాడు’ అనే ముద్ర కూడా పడుతుంది. ఆ ముద్ర చూసినవాడెవడూ ఆయన దగ్గర గాజుపెంకు కూడా కొనడు. ఆయన మీద ఆధారపడ్డ ప్రాణం ఇంకొకటి ఆ గదిలోనే, గోడవారగా మంచం మీద కూర్చుని మా మాటలు వింటోంది. ఆయన అక్కగారు. డెబ్భై దాటిన మనిషి. కంటిచూపు పోయి చాలా ఏళ్ళయింది.

నేను దీపాలాయన్ని ఎదురుగా కూర్చోబెట్టాను.

“మీరు సైట్లో కొన్న మొదటి గడియారం ఎన్నాళ్ళు నడిచింది?”

“వేసవంతా బానే నడిచింది మేడం. వానలు మొదలయ్యాక ఆగడం మొదలెట్టింది. లోలకం ఊపితే నడిచేది, కాసేపటికి మళ్ళీ ఆగేది. వెనక్కి పంపేశాను. రిఫండ్ ఇచ్చారు.”

“రెండోది?”

“వారం నడిచింది. అదీ వెనక్కి పంపాను. రిఫండ్ ఇచ్చారు గానీ గొణిగారు.”

“ఈ మూడోది?”

“గంట కూడా నడవలేదు. కీ ఇస్తాను, ఊగుతుంది, కుంటుతుంది, ఆగుతుంది.” ఆయన తల దించుకున్నాడు. “ఈసారి రిఫండ్ ఇవ్వనన్నారు. నన్నే దొంగన్నారు.”

“మరి ఏమంటారండీ?” తాళాలయ్య అందుకున్నాడు. “మూడు గడియారాలు, ముగ్గురు అమ్మినవాళ్ళు, ఒకళ్ళకొకళ్ళకి పరిచయం లేదు. ముగ్గురూ నడుస్తున్న గడియారమే పంపామంటున్నారు. ఆగిపోయిందనేది ఈయనొక్కడే. ఫంక్షనుకి కొత్తబట్టలు కొనుక్కుని, లేబుల్ తెంపకుండా వేసుకెళ్ళి, మర్నాడు షాపుకి తిరిగిచ్చే రకాలు నాకు కొత్తా?”

“నేను అలాంటివాణ్ణి కాదు సార్.”

“అయితే ఇది చూడండి.” తాళాలయ్య తన ఫోను నా మొహం ముందు పెట్టాడు. తెరమీద ఒక ఆఫీసు గోడ, దాని మీద ఒక గడియారం, నిక్షేపంగా ఊగుతున్న లోలకం. “ఈయన వెనక్కి పంపిన రెండోది. మా ఆఫీసులో తగిలించిన రోజునుంచీ ఒక్క క్షణం ఆగలేదు. మొదటిది తిరిగి వెళ్ళి అమ్మినావిడ ఇంట్లో శుభ్రంగా గంటలు కొడుతోంది. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు. ఈయన వాలకం అలా ఉంది.”

ఫోనులోంచి టిక్కు టక్కుమని చప్పుడు వినగానే మంచం మీద అక్కగారు చటుక్కున తల ఎత్తింది. వీడియో అయిపోయింది. ఆమె తల మెల్లగా వాలిపోయింది.

నేను దీపాలాయన మొహం చూస్తూ ఉండిపోయాను. అబద్ధం ఆడేవాడు వివరాలు పెంచుకుంటూ పోతాడు, తనని నమ్మమని బతిమాలతాడు. ఈయన మాటలు తగ్గించుకుంటున్నాడు. వీడియో అబద్ధం కాదు. ఈయనా అబద్ధం చెప్పడం లేదు. మాత్ర మత్తులో ఆ రెండు ముక్కలూ నా తలలో చెరోవైపు తేలుతున్నాయి గానీ ఒకచోటికి రావడం లేదు.

“అసలు గడియారమే ఎందుకు కావాలి?” అని అడిగాను.

“నేనూ అదే అడిగాను,” అన్నాడు తాళాలయ్య. “ఫోన్ని అడిగితే టైము పైకి చదివి చెప్తుంది.”

జవాబు మంచం మీద నుంచి వచ్చింది.

“అడిగితే చెప్తుంది బాబూ. నాకు అడక్కుండా చెప్పేది కావాలి,” అంది అక్కగారు. “మా తమ్ముడు పగలంతా దీపాల్లో తల దూర్చేస్తాడు. పలకరిస్తే ఊఁ అంటాడు. వెలుగూ చీకటీ నాకు ఒకటే. గడియారం నడుస్తుంటే గదిలో ఇంకో మనిషి మెసులుతున్నట్టుంటుంది. మా పాతింట్లో ఉండేది. ఇక్కడికి మారేటప్పుడు పగిలిపోయింది. అప్పట్నుంచీ మధ్యాహ్నం నిద్ర లేస్తే నేను ఎక్కడున్నానో, అసలున్నానో లేనో కూడా తెలీడం లేదు.”

“ఊరుకో అక్కా,” అన్నాడు దీపాలాయన.

“ఊరుకోవడం ఎందుకు? అడిగారు, చెప్తున్నాను.”

నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కకి వెళ్ళాను. నాకు ఆమె మీద జాలి వేసింది. జాలితో పాటు తాళాలయ్య మీద ఒళ్ళు మండింది కూడా.

“రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?”

“పడుతోంది గానీ అమ్మాయ్, రోజూ ఒకటే కల. పడవలో పడుకుని ఉంటాను. వేసవిలో అయితే ఒడ్డునే కట్టేసి ఉండేది, హాయిగా ఉండేది. వానలొచ్చాక ఏమైందో, తలవైపు కిందకి వాలుతోంది. చెవి పక్కనే నీళ్ళ చప్పుడు. మావాడు తలకింద రెండు దిళ్ళు పెట్టాడు. అయినా వాలుతున్నట్టే ఉంది. ముసలితనం వస్తే పడవలు కూడా మాట వినవు కాబోలు.”

“కలలు కూడా రిపోర్టులో రాస్తారా మేడంగారూ?” అన్నాడు తాళాలయ్య. సరిగ్గా అప్పుడే ఆయన గొడుగు గోడమీద నుంచి పక్కకి జారి దబ్బున పడింది. తీసి మళ్ళీ ఆనించాడు.

“అవసరమైతే మీ గొడుగుని కూడా రాస్తాను,” అన్నాను.

లేచి గోడ దగ్గరికి వెళ్ళాను. వంటగది గుమ్మం పక్కనే, అక్కగారి మంచానికి పైన, మూడో గడియారం తగిలించి ఉంది. పొడుగాటి చెక్కపెట్టె, గాజు తలుపు, లోపల ఇత్తడి లోలకం. తలుపు తీసి కీ ఇచ్చాను. లోలకాన్ని ఒక పక్కకి లాగి వదిలాను. టిక్కు, దాని వెంటే టక్కు, ఆ తరవాత ఒక ఖాళీ. మళ్ళీ టిక్కు, వెంటనే టక్కు, మళ్ళీ ఖాళీ. కాలు బెణికినవాడి నడకలా ఉంది. ఆ నడక కొంతసేపు సాగి, నీరసించి, ఆగిపోయింది.

“తగిలించింది ఎవరు?”

“నేనే మేడం,” అన్నాడు దీపాలాయన. ఇంతసేపటికి ఆయన గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. “కంటి లెక్కన తగిలించలేదు. దీపం షేడు నూలుపోగంత వంకరగా ఉంటే నాకు తిండి సహించదు. గుమ్మం చట్రానికి వడ్రంగులు మూలలు సరిచూసే మూలమట్టం బద్ద ఆనించి, గోడమీద పెన్సిలు గీత గీసి, ఆ గీతమీద నిలబెట్టాను. మూడింటికీ అదే గీత.”

గీత కనపడింది. గడియారం అంచు దానిమీద కూర్చున్నట్టు ఉంది. గడియారానికీ గుమ్మానికీ మధ్య సందు పైనుంచి కిందవరకూ ఒక్కలాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

గది అంతా ఒకసారి చుట్టి వచ్చాను. ఎడమ మూల, అర కింద, దీపాలకి వేలాడదీసే చిన్న గాజు గోళాలు అయిదారు గుంపుగా పడి ఉన్నాయి.

“ఇవి ఇక్కడ ఎందుకు పెట్టారు?”

“పెట్టలేదు మేడం. చెయ్యి జారితే అవే దొర్లుకుంటూ వెళ్ళి అక్కడ చేరతాయి. నేల వాటం అటు ఉంది. కడిగిన నీళ్ళు పోవడానికి అలా వేయించి ఉంటారు.”

“ఆ మూల నీళ్ళు పోయే తూము లేదే.”

ఆయన ఆ మూలవైపు చూశాడు. ఎప్పుడూ ఆలోచించలేదని మొహమే చెప్పింది.

“మీ వీధి తలుపు నేలకి రాసుకుంటోందేం?”

“వానకి చెక్క ఉబ్బింది. మొన్ననే చిత్రిక పట్టాను. మళ్ళీ పట్టేస్తోంది.”

“ఆ వేలాడే దీపాలు అన్నీ ఒకే పక్కకి ఒరిగినట్టున్నాయి?”

“పాత తీగలు కదండీ. ఏళ్ళ తరబడి చుట్టచుట్టి పెట్టినవి. నిటారుగా వేలాడవు.”

ఆ ఇంట్లో ప్రతి వంకరకీ ఒక సమాధానం సిద్ధంగా ఉంది. విడివిడిగా చూస్తే అన్నీ సబబుగానే ఉన్నాయి. గొడుగు మళ్ళీ జారి పడింది. తాళాలయ్య విసుక్కుంటూ తీసి, ఈసారి ఒళ్ళో పెట్టుకున్నాడు.

దీపాలాయన టీ తెచ్చాడు. వెడల్పాటి కప్పుల్లో నిండుగా పోశాడు. నా కప్పు బల్లమీద పెట్టుకుని, తాగకుండా దానికేసి చూస్తూ కూర్చున్నాను. మాత్ర వేసుకుంటే నాకు ఇదో రోగం, ఏదైనా ఒకటి కనపడితే చూపు అక్కడే అతుక్కుపోతుంది. వేలాడే దీపం ఒకటి టీలో చిన్న చందమామలా తేలుతోంది. ఎంతసేపు చూశానో తెలీదు. ఎడమ పక్క టీ అంచుని తాకుతూ, ఒలకడానికి సిద్ధంగా ఉంది. కుడి పక్క అంచు పొడిగా, తెల్లగా ఉంది. కప్పుని అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎలా తిప్పినా టీ ఎడమవైపే నిండుగా ఉంది.

మాత్ర నన్ను ఒరిగించగలదు. టీని ఒరిగించలేదు.

“ఇక చాలండీ,” తాళాలయ్య లేచాడు. ఫోను తీశాడు. “కలలు విన్నాం, టీ తాగాం. అయిదింటిదాకా ఆగడం కూడా అనవసరం. తాళం ఇప్పుడే వేసేస్తున్నాను.”

“ఒక్క పది నిమిషాలు ఆగండి.”

“మీతో ఇదే గొడవ. కొన్నవాడికీ అన్యాయం జరగకూడదు, అమ్మినవాడికీ అన్యాయం జరగకూడదు. ఎప్పుడు చూసినా గోడమీద పిల్లి వాటమే.”

“పిల్లి ఇవాళ కిందకి దిగుతోంది. గోడ సంగతే చూద్దాం రండి.” ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని అక్కగారి ఒళ్ళో పెట్టాను. “ఇది కాస్త పట్టుకోండమ్మా. ఎవరు అడిగినా ఇవ్వకండి.”

“ఇది దౌర్జన్యం,” అన్నాడు తాళాలయ్య.

“అవును. అది కూడా రిపోర్టులో రాసుకుందాం.”

దీపాలాయన్ని కొత్త దారం అడిగాను. దాని చివర ఒక దీపం దిమ్మలోంచి తీసిన ఇత్తడి బరువు కట్టి, కుర్చీ ఎక్కి, వంటగది గుమ్మం చట్రం మీది అంచుకి ఆనించి వదిలాను. బరువు కాసేపు ఊగింది. దీపాలాయన రెండు చేతులతో దాన్ని నిదానంగా ఆపాడు. దారం బిగుసుకుని నిలిచింది.

పైన దారం గుమ్మాన్ని తాకుతోంది. కింద గడప దగ్గర, గుమ్మానికీ దారానికీ మధ్య రెండు వేళ్ళు దూరే సందు ఉంది. తాళాలయ్య వంగి నిజంగానే రెండు వేళ్ళు దూర్చి చూశాడు.

“గుమ్మం వంకరగా పెట్టారన్నమాట,” అన్నాడు.

“గుమ్మం ఒక్కటే అయితే గోళాలు ఆ మూలకే ఎందుకు దొర్లుతాయి? మీ గొడుగు అటే ఎందుకు జారుతోంది? ఆ దీపాల తీగలు చూడండి. పాతవీ కొత్తవీ అన్నీ ఈ దారంతో సమానంగా వేలాడుతున్నాయి. తీగల్లో మెలిక లేదు. ఈ గదిలో నిటారుగా ఉన్నవి అవొక్కటే.”

దీపాలాయన తల ఎత్తి తన దీపాల్ని చూశాడు, తరవాత గోడల్ని చూశాడు. రోజూ చూసిన మొహాన్ని మొదటిసారి చూసినట్టు చూశాడు.

“మీరు గుమ్మాన్ని నమ్మారు,” అన్నాను మెల్లగా. “గోడ, నేల, గుమ్మం అన్నీ కలిసికట్టుగా ఒరిగితే వాటిలో వాటికి వంకర తెలీదు. మూలమట్టానికీ తెలీదు. లోలకానికి మాత్రం తెలుస్తుంది. ఒరిగిన పెట్టెలో అది రెండు పక్కలకీ సమానంగా ఊగలేదు. కుంటుతుంది, ఆగుతుంది. ఈయన ఆఫీసు గోడమీద నడుస్తుంది. అమ్మినావిడ ఇంట్లో నడుస్తుంది. ఇక్కడ నడవదు.”

“అయితే అబద్ధం చెప్పింది ఎవరండీ?” అన్నాడు తాళాలయ్య. ఆయనకి ఎవరో ఒకరు దోషిగా దొరక్కపోతే ఊపిరాడదు.

“గోడ.”

నమ్మలేదు. నమ్మించడానికి గడియారం కింది అంచుని పక్కకి జరిపాను. దారాన్ని దాని పక్కన వేలాడదీసి, పెట్టె అంచూ దారమూ ఒక్కటయ్యేదాకా జరిపాను. పెన్సిలు గీతని వదిలి, గుమ్మానికి ఎదురు తిరిగి, తాగొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిలా కనపడింది గడియారం. దీపాలాయన చూడలేక మొహం తిప్పుకున్నాడు. చిన్న చీల ఒకటి ఆసరాగా కొట్టి, ముళ్ళని సరైన టైముకి తిప్పి, లోలకాన్ని లాగి వదిలాను.

టిక్కు, టక్కు. టిక్కు, టక్కు. ఖాళీ లేదు, కుంటు లేదు.

పైన మిషన్ల మోత ఆగింది. టీ విరామం అయి ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో గడియారం చప్పుడు గదంతా నిండింది. దీపాలన్నీ ఆ చప్పుడు వింటున్నట్టే నిశ్చలంగా వెలుగుతున్నాయి. అక్కగారు చెంపల మీద జారిన నీళ్ళు తుడుచుకోలేదు. తాళాలయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుని, మెడ చాచి, లోలకంతో పాటు తలని అటూ ఇటూ ఊపుతోంది.

“వచ్చాడు,” అంది. “ఇంకో మనిషి వచ్చాడు తమ్ముడూ.”

దీపాలాయన ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు చాలా సంతోషం వేసింది. ఈ వృత్తిలో ఇలాంటి సంతోషం అరుదు. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

తాళాలయ్య గొంతు సవరించుకున్నాడు. “సరే. తాళం వేయను. ఈయన పేరుమీద మచ్చ ఉండదు, నేను చూసుకుంటాను.” తల గోక్కున్నాడు. “కానీ ఒక్క మాట. కొన్నాయన తప్పు లేదు, అమ్మినవాళ్ళ తప్పు లేదు, గడియారం తప్పు లేదు. మరి రిఫండ్ ఎవరివ్వాలి?”

“ఇంటి యజమాని,” అన్నాను.

ఆయన నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆయన నవ్వడం నేను చూడలేదు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాకే, దాని బరువు నా మత్తు తలకి అందింది. మొదటి గడియారం వేసవంతా నడిచింది. రెండోది వారం. మూడోది గంట కూడా లేదు. గుమ్మాన్ని మొదట్లోనే వంకరగా పెట్టి ఉంటే మొదటి గడియారం మొదటి రోజే ఆగేది.

“ఈ ఇంటికి ఎడమ పక్క ఏముంది?” అని అడిగాను.

“ఏముంది మేడం, పాతిల్లు ఉండేది,” అన్నాడు దీపాలాయన ముక్కు తుడుచుకుంటూ. “వేసవిలో పడగొట్టారు. పెద్ద బిల్డింగు కడతారట, లోతుగా గొయ్యి తవ్వారు. చుట్టూ రేకులు కట్టేశారు, ఏమీ కనపడదు. వానలకి గోతిలో నీళ్ళు ఊరుతుంటే మోటారు పెట్టి తోడేస్తున్నారు. వినపడుతోంది చూడండి.”

చెవి పెట్టి విన్నాను. మిషన్ల మోత లేదు కాబట్టి ఇప్పుడు తెలిసింది. గోడ అవతల మోటారు నిద్రలో గురకపెడుతున్నట్టుంది. దాని వెంటే పారే నీళ్ళ చప్పుడు. అక్కగారి చెవి పక్కన వినపడే నీళ్ళు అవే.

“తోడిన నీళ్ళు ఎలా ఉంటాయి?”

“ఎర్రగా, చిక్కగా. వీధి కాలవంతా మట్టే.”

మా కాళ్ళకింది మట్టి. నీళ్ళతో పాటు దాన్ని కూడా తోడేస్తున్నారు.

“అందరం బయటికి వెళ్దాం,” అన్నాను. “పైవాళ్ళని కూడా దింపాలి. అమ్మా, లేవండి.”

“నాలుగు కావస్తోందా అమ్మాయ్?” అని అడిగింది అక్కగారు.

“కావస్తోంది.”

“ఒక్కసారి గంటలు కొట్టనీ. విని వస్తాను. ఇన్నాళ్ళు ఓర్చుకుంది కదా ఇల్లు. నాలుగు గంటలే కదా.”

కాదనాల్సింది. ఆ మొహం చూస్తూ కాదనలేకపోయాను. నెలల తరబడి ఒరుగుతున్న ఇల్లు, కొన్ని నిమిషాలకి ఏమవుతుందిలే అనుకున్నాను. తాళాలయ్య ఆమె ఒళ్ళోంచి ఫోను తీసుకుని ఇంటి యజమానికి చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. దీపాలాయన అక్కగారి చెప్పులు వెతికి తెచ్చి తొడిగాడు. ముళ్ళు నాలుగు వైపు జరుగుతున్నాయి. గడియారం చప్పుడు, వాన చప్పుడు, అందరి ఊపిరి చప్పుడు. నా కళ్ళు వాటంతట అవే మూతలు పడుతున్నాయి.

“అమ్మాయ్,” అంది అక్కగారు. “కుంటుతోంది.”

నాకు వినపడలేదు. మరో నాలుగు ఊపుల తరవాత వినపడింది. టిక్కు, వెంటనే టక్కు, ఆ తరవాత ఖాళీ.

నేను లేచి గడియారం దగ్గరికి వెళ్ళాను. చీల గట్టిగానే ఉంది. పెట్టె జరగలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దారం ఇంకా దాని పక్కనే వేలాడుతోంది. ఇందాక నేను రెండు అంచుల్నీ ఒక్కటి చేశాను. ఇప్పుడు వాటి మధ్య సన్నటి సందు తెరుచుకుని ఉంది. నేను చూస్తుండగానే ఆ సందు కొంచెం పెరిగింది.

లోలకం నీరసించి ఆగిపోయింది. గంటలు కొట్టలేదు.

“తలుపు తియ్యండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

తాళాలయ్య అప్పటికే తలుపు దగ్గరున్నాడు. గడియ తీశాడు, పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. రెండో చెయ్యి కూడా వేసి లాగాడు. మొన్ననే చిత్రిక పట్టిన తలుపు చట్రంలో బిగుసుకుపోయి ఉంది. దీపాలాయన పరుగెత్తి వెళ్ళి తనూ పట్టుకున్నాడు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీకి అడ్డంగా ఇనప ఊచలు.

పైన టీ విరామం అయిపోయింది కాబోలు, కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. వేలాడే దీపాలు మెల్లగా, అన్నీ కలిసి, ఎడమవైపుకి ఊగాయి. మూలనున్న గాజుగోళాల్లో ఒకటి కదిలి పక్కదానికి తగిలి టింగుమంది.

అక్కగారు మంచం పట్టెని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె మొహంలో భయం లేదు, చిన్న అనుమానం మాత్రం ఉంది.

“తమ్ముడూ, పడవ కట్టు తెంచుకుంది,” అంది. “నేను మెలకువగానే ఉన్నానా?”